మెక్సికో సిటీలో దిగి కెరేతరో బస్సెక్కడం: కూతురి పురిటికి వెళ్లిన అమ్మానాన్నల ప్రయాణం

గుంటూరులో మాది చిన్న ట్రావెల్స్ ఆఫీసు. విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్ల ప్రయాణాలే మా పనిలో ఎక్కువ. చాలామందికి విమానం దిగిన చోటే కొడుకో అల్లుడో కారుతో నిలబడి ఉంటారు కాబట్టి మా బాధ్యత ఎయిర్‌పోర్టు బయటి గుమ్మంతో అయిపోతుంది. ఈ కేసులో మాత్రం అసలు పని ఆ గుమ్మం దగ్గరే మొదలైంది. విమానం దిగాక ఇంకా రెండు వందల కిలోమీటర్ల పైన బస్సులో పోవాలి. భాష రాదు, వెంట ఎవరూ ఉండరు, ఇద్దరిదీ అరవై దాటిన వయసు. ఐటీ ఉద్యోగాల కోసం మన పిల్లలు మెక్సికోలోని కెరేతరో, గ్వాదలహారా, మోంతెర్రేలకూ వెళ్తున్నారు గనుక ఇలాంటి ప్రయాణం ఇంకా చాలా ఇళ్లకు పడుతుంది. అందుకే ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో వివరంగా రాస్తున్నాను.

ఎవరు, ఎందుకు

ఆయన రిటైరైన హైస్కూలు టీచరు, మేమంతా మాస్టారనే పిలుస్తాం. బీపీకి మందులు వాడతారు, మనిషి మాత్రం చురుకు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేరు. కూతురు, అల్లుడు కెరేతరోలో ఉంటారు. అమ్మాయికి తొమ్మిదో నెల వస్తోంది. పురుడుకి మూడు వారాల ముందు అక్కడికి చేరాలన్నది వాళ్ల కోరిక. ప్రయాణం సెప్టెంబరులో.

వీసా సమస్య లేదు. అంతకుముందు పెద్దబ్బాయిని చూడటానికి అమెరికా వెళ్లివచ్చారు కాబట్టి ఇద్దరి పాస్‌పోర్టుల్లోనూ అమెరికా విజిటర్ వీసా ఉంది. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే విజిటర్ వీసా అక్కర్లేదు. మరి అమెరికా మీదుగానే వెళ్తే? డల్లాస్, హ్యూస్టన్‌ల నుంచి కెరేతరోకి నేరుగా విమానాలున్నాయి. కానీ అమెరికాలో విమానం మారాలంటే అక్కడ ఇమ్మిగ్రేషన్ దాటాలి, సామాను తీసుకోవాలి, మళ్లీ అప్పగించాలి, మళ్లీ సెక్యూరిటీ లైన్లో నిలబడాలి. ఆ మోకాళ్లతో ఆవిడ అదంతా పడలేరనిపించింది. హైదరాబాద్ నుంచి దుబాయ్, అక్కడి నుంచి బార్సిలోనాలో ఆగి మెక్సికో సిటీ వెళ్లే దారి ఎంచుకున్నాం.

అల్లుడు మెక్సికో సిటీకి రాగలడా అన్నదే మొదటి చర్చ. ట్రాఫిక్ లేకపోతే ఒక వైపుకి మూడు గంటలు. ఉంటే ఎంతో చెప్పలేం. అంటే నిండు నెలల భార్యను ఇంట్లో ఒక్కదాన్నే వదిలి ఏడెనిమిది గంటలు, అదీ రాత్రిపూట, రోడ్డు మీద ఉండాలి. అక్కడ వాళ్లకు చుట్టపక్కాలెవరూ లేరు. ఆవిడ మా ఆఫీసులో కూర్చుని, "అల్లుడుగారు రాకపోతే ఎట్లాగమ్మా, అక్కడ మాకు ఒక్క ముక్క అర్థం కాదు కదా" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నేను అల్లుడి వైపే మాట్లాడాను. "పిన్నిగారూ, మీరు వెళ్తున్నదే అమ్మాయి కోసం. ఆ రాత్రి అతను అమ్మాయి దగ్గర ఉండటమే సరైనది. బస్టాండుకి మాత్రం వస్తాడు, ఇంటికి పావుగంట దూరమే. ఎయిర్‌పోర్టు నుంచి ఆ బస్టాండు దాకా మిమ్మల్ని చేర్చే పూచీ మాది" అన్నాను. అంత మాట ఇచ్చాక ప్రతి అడుగూ ఆలోచించాల్సిందే.

అక్కడి ఫస్ట్ క్లాస్ బస్సు ఎలాంటిది

మెక్సికోలో దూరప్రయాణం అంటే బస్సే. 1990లలో రైల్వేలను ప్రైవేటుకి ఇచ్చాక దూరప్రాంత ప్యాసింజర్ రైళ్లు దాదాపు అన్నీ ఆగిపోయాయి. మెక్సికో సిటీ, కెరేతరోల మధ్య కొత్త రైలు మార్గం పని 2025లో మొదలుపెట్టారు. ఈలోగా జనాన్ని మోసేది బస్సులే, అందువల్ల వాటిని బాగా నడుపుతారు. అక్కడ బస్సుల్లో తరగతులున్నాయి. సెకండ్ క్లాస్ బస్సు ఊరూరా ఆగుతుంది. ఫస్ట్ క్లాస్ బస్సు టోల్ రోడ్డు మీద నేరుగా పోతుంది, సీటు నంబరు ముందే ఇస్తారు, నిలబడే ప్రయాణికులు ఉండరు, వెనక టాయిలెట్ ఉంటుంది, ఏసీ ఉంటుంది. దానికి పైన లగ్జరీ తరగతి. ఈటీఎన్ అనే కంపెనీ బస్సుల్లో ఒక వరసకి మూడే సీట్లు, బస్సు మొత్తానికి 24 సీట్లు ఉంటాయి. మన గరుడ ప్లస్‌లో విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లినవాళ్లకు ఆ ఫస్ట్ క్లాస్ కొత్తగా అనిపించదు, ఇంకొంచెం సౌకర్యంగా అనిపిస్తుంది.

ఈ కుటుంబానికి కలిసొచ్చిన విషయం ఇంకొకటుంది. మెక్సికో సిటీ ఎయిర్‌పోర్టులోనే దూరప్రాంత బస్సులకు బస్టాండు ఉంది. పుయెబ్లా, కుయెర్నవాకా, తొలూకా, పచూకా, కెరేతరోలకు అక్కడి నుంచే ఎక్కొచ్చు. కెరేతరోకి ప్రిమేరా ప్లూస్ అనే కంపెనీ బస్సులు టెర్మినల్ 1 నుంచీ, టెర్మినల్ 2 నుంచీ నడుస్తాయి. మన శంషాబాద్‌తో పోల్చుకుంటే ఈ తేడా బాగా తెలుస్తుంది. విజయవాడ వైపు నుంచి బస్సులో వచ్చేవాళ్లు ఎల్‌బీ నగర్‌లోనో, పెద్ద అంబర్‌పేటలో ఔటర్ దగ్గరో దిగి, సామాను రోడ్డు పక్కన పెట్టుకుని క్యాబ్ కోసం చూడటం మనకు మామూలు. అక్కడ కప్పు కిందనే నడిచివెళ్లి బస్సెక్కొచ్చు.

అయితే ఎయిర్‌పోర్టు బస్సొక్కటే దారి కాదు. నగరానికి నాలుగు దిక్కులా నాలుగు పెద్ద బస్టాండ్లున్నాయి. కెరేతరో వైపు బస్సులన్నిటికీ మూలస్థానం ఉత్తరాన ఉన్న తెర్మినాల్ దెల్ నార్తే. అక్కడ బస్సులు ఇంకా ఎక్కువ, టికెట్ కూడా తక్కువ. ఎయిర్‌పోర్టు టెర్మినల్ 1 పక్కనే తెర్మినాల్ ఆయెరెయా అనే మెట్రో స్టేషన్ ఉంది. లైన్ 5లో ఎక్కితే మారకుండా అవుతోబూసెస్ దెల్ నార్తే స్టేషన్లో, ఆ బస్టాండు ఎదురుగా దిగొచ్చు. 2013 చివరి నుంచి మెట్రో టికెట్ ఐదు పెసోలే. భుజాన ఒక్క బ్యాగుతో వెళ్లే పాతికేళ్ల కుర్రాడు అడిగితే పగటిపూట ఈ దారే చెబుతాను. పెద్ద సూట్‌కేసులను మాత్రం మెట్రోలోకి రానివ్వరు. రానిచ్చినా ఆ మెట్లు, ఆ రద్దీ ఈ ఇద్దరికీ కుదిరేవి కావు. మెట్రోబస్ లైన్ 4 ఎయిర్‌పోర్టు నుంచే బయల్దేరుతుంది కానీ అది తీసుకెళ్లేది తూర్పున ఉన్న తాపో బస్టాండుకి, అంటే పుయెబ్లా, వెరాక్రూస్ వైపు పోయేవాళ్లకి. ఈ రెండు బస్టాండ్లనూ ఒకటే అనుకుంటే నగరం ఇంకో మూల తేలతాం.

చివరి బస్సు నుంచి వెనక్కి లెక్క

ఇలాంటి ప్రయాణాల్లో అందరూ చేసే పని, విమానం టికెట్ కొనేసి ఆ తర్వాత బస్సు వెతకడం. నేను తిరగేసి చేస్తాను. ముందు ఆ ఎయిర్‌పోర్టు నుంచి ఆ ఊరికి రాత్రి చివరి బస్సు ఎన్నింటికో కనుక్కుంటాను. అక్కడి నుంచి గంటలు వెనక్కి లెక్కపెడితే విమానం ఎప్పటిలోగా దిగాలో తేలుతుంది. ఆ తర్వాతే విమానం చూస్తాను. బస్సు దాటిపోతే పోయేది టికెట్ డబ్బులే. చివరి బస్సు దాటిపోతే మాత్రం పెద్దవాళ్లు తెలియని దేశంలో రాత్రంతా కుర్చీల్లో కూర్చోవాలి.

వెనక్కి ఎంత లెక్కపెట్టాలి? విమానం దిగి తలుపు తెరిచేసరికి అరగంట. ఇమ్మిగ్రేషన్‌కి గంట నుంచి గంటన్నర, ఎందుకంటే సాయంత్రం యూరప్ నుంచి వచ్చే పెద్ద విమానాలు వెంటవెంటనే దిగుతాయి. సామానుకి ముప్పావుగంట. కస్టమ్స్, బస్సు హాలు దాకా నడక, టికెట్, టాయిలెట్ కలిపి ఇంకో అరగంట. మూడు గంటలు ఇక్కడే అయ్యాయి. దానికి ఆకాశం వాటా కలపాలి. మెక్సికో సిటీలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన పడటం మామూలు. ఆ సమయంలో విమానాలను గాల్లోనే తిప్పుతారు, ఒక్కోసారి పక్క ఊరికి మళ్లిస్తారు కూడా. అందుకని ఇంకో రెండు గంటలు. మొత్తం ఐదు. అంటే చివరి బస్సుకి ఐదు గంటల ముందే చక్రాలు నేలను తాకాలి.

మాస్టారికి తలకి కొన్ని వేలు తక్కువలో ఇంకో విమానం దొరికింది, అది రాత్రి తొమ్మిది దాటాక దిగుతుంది. "ఐదు గంటల తేడాకి అంత డబ్బెందుకమ్మా?" అని అడిగారు. ఆయన లెక్కల మాస్టారు, అందుకే కాగితం మీద వేసి చూపించాను. చివరి బస్సు వేళ రాసి, కింద ఒక్కొక్క అంకె తీసేస్తూ వెళ్లాను. తొమ్మిదికి దిగే విమానం ఎక్కడా ఇమడలేదు. ఆయనే పెన్ను తీసుకుని దాన్ని కొట్టేశారు. సాయంత్రం నాలుగు దాటాక దిగే విమానం ఖాయం చేశాం.

టికెట్ మీద మెక్సికో సిటీ అని ఉన్నంత మాత్రాన సరిపోదు. నగరానికి పాత ఎయిర్‌పోర్టు బెనితో హువారెజ్ ఉంది, దాని కోడ్ ఎంఈఎక్స్. 2022 మార్చిలో ఉత్తరాన ఫెలిపె ఆంఖెలెస్ అనే కొత్తది తెరిచారు, కోడ్ ఎన్ఎల్‌యూ. పడమటి వైపు తొలూకాలో ఇంకోటి ఉంది. కోడ్ చూడకుండా టికెట్ కొంటే ఈ లెక్కలన్నీ తారుమారు. పాత ఎయిర్‌పోర్టులోనూ టెర్మినల్ 1, 2 రన్‌వేలకు చెరో వైపున ఉన్నాయి. వాటి మధ్య తిరిగే చిన్న రైలు బోర్డింగ్ పాస్ ఉన్నవాళ్లకే. మనం బస్సు కోసం వెళ్తున్నవాళ్లం కాబట్టి అది మనకు లేదు. వీళ్ల విమానం టెర్మినల్ 1కే వస్తుంది, బస్సు కూడా అక్కడే ఎక్కొచ్చు. అది ముందే రూఢి చేసుకున్నాం.

బస్సు టికెట్ ముందుగా కొనలేదు. ఇందులో నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఫలానా గంటకి అని టికెట్ చేతిలో ఉంటే పెద్దవాళ్లు ఇమ్మిగ్రేషన్ లైన్లో నిలబడి గడియారం చూస్తూ కంగారుపడతారు. ఆ టెన్షన్‌లో పాస్‌పోర్టు ఎక్కడో పెట్టి మర్చిపోతారు, ఒక పెట్టె వదిలేసి వస్తారు. రోజంతా బస్సులున్న దారిలో ఆ కష్టం ఎందుకు? సామాను చేతికొచ్చాక మాస్టారు వాట్సాప్‌లో ఒక్క మాట చెబితే, అల్లుడు తన ఫోన్లో తర్వాతి బస్సుకి రెండు సీట్లు కొని టికెట్ పంపేట్టు అనుకున్నాం. అతనిది అక్కడి బ్యాంకు కార్డు కాబట్టి చెల్లింపు ఆగదు. పండగ రోజుల్లో, వారాంతం సాయంత్రాల్లో మాత్రం సీట్లు నిండిపోతాయి, అప్పుడు ముందే కొనాలి. సెప్టెంబరు 16 మెక్సికో స్వాతంత్ర్య దినం గనుక ఆ వారాన్ని తప్పించి మంగళవారం దిగేట్టు చూశాం.

ఇంత చేసినా చివరి బస్సు దాటిపోతే? దానికి రెండు దారులు కాగితం మీద రాసిచ్చాం. ఒకటి, ఎయిర్‌పోర్టు లోపలే కౌంటర్లో డబ్బు కట్టే అధికారిక టాక్సీలో నార్తే బస్టాండుకి వెళ్లడం. అక్కడ రాత్రి బాగా పొద్దుపోయాక కూడా కెరేతరో బస్సులుంటాయి. రెండోది, ఓపిక లేకపోతే టెర్మినల్ 1 నుంచి వంతెన మీదుగా నడిచి వెళ్లగలిగే హోటల్. దాంట్లో రద్దు చేసుకోగల గది ఒకటి బుక్ చేసి ఉంచాం.

సామాను, నెయ్యి

విమానంలో తలకి 23 కిలోల పెట్టెలు రెండు, అంటే నాలుగు పెట్టెలు ఉచితం. మెక్సికో దూరప్రాంత బస్సులో తలకి ఉచితం 25 కిలోలే. ప్రతి పెట్టెనీ తూచకపోవచ్చు, కానీ తూస్తే అదనంగా కట్టమంటారు. విమానం వాళ్లిచ్చిన హద్దు చూసుకుని పెట్టెలు నింపేవాళ్లకు బస్సు దగ్గర ఈ సమస్య వస్తుంది. డబ్బు కన్నా పెద్ద చిక్కు నాలుగు పెట్టెలు తోసుకోవడానికి ఇద్దరు పెద్దవాళ్లే ఉండటం. రెండు పెద్ద పెట్టెలు, ఒక చిన్నది, చేతిలో ఒక్కొక్క బ్యాగు చాలన్నాను.

పిన్నిగారితో గంటసేపు మాట్లాడాల్సి వచ్చింది. శొంఠి, వాము, పిప్పళ్లు, వెల్లుల్లి కారం, పసిబిడ్డకి పాత మెత్తని చీరల గుడ్డలు, సున్నుండలు, ఇంట్లో కాచిన నెయ్యి రెండు కిలోలు. మెక్సికోలో వ్యవసాయ తనిఖీ గట్టిగా ఉంటుంది. ఎయిర్‌పోర్టులో వాసన పట్టే కుక్కలను తిప్పుతారు. తాజా కరివేపాకు, పండ్లు, మొలకెత్తే విత్తనాలు, ఇంట్లో చేసిన పాల పదార్థాలు తెస్తే పెట్టె విప్పమంటారు, తీసేసుకుంటారు, అక్కడే గంట పోతుంది. లేబుల్‌తో సీలు వేసిన మసాలా పొడులకు ఇబ్బంది తక్కువ. "బాలింతకి నెయ్యి లేకుండా పథ్యం ఎట్లా పెట్టమంటావు?" అని నిలదీశారు. అక్కడి కొట్లలో ఉప్పు లేని వెన్న దొరుకుతుందని, అమ్మాయి ఇంట్లోనే కాచుకోవచ్చని కూతురి చేతే ఫోన్లో చెప్పించాను. అప్పుడు ఒప్పుకున్నారు. సున్నుండలు కూడా నెయ్యితో చేసినవే కనుక ఆపించాం, మినపపిండి ప్యాకెట్లు పెట్టించాం. తినే వస్తువులన్నీ ఒకే చిన్న పెట్టెలో సర్దించాను. విప్పమంటే ఆ ఒక్కటే విప్పితే చాలు.

చేతిలో కాగితం

స్పానిష్‌లో పెద్ద అక్షరాలతో ఒక కాగితం తయారుచేసి లామినేషన్ చేయించాం. ఒక వైపు, "మేం కెరేతరో వెళ్లాలి, ఎయిర్‌పోర్టులో దూరప్రాంత బస్సులెక్కే చోటికి దారి చూపండి" అని. రెండో వైపు, "మా అల్లుడు కెరేతరో బస్టాండులో ఉంటాడు, ఏదైనా అవసరమైతే ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని నంబరుతో. ఇలాంటి కాగితం ఉంటే అడగడానికి నోరు పెగలని మనిషి కూడా చూపించగలడు. ఫోన్ బ్యాటరీ అయిపోయినా కాగితం పనిచేస్తుంది.

మాస్టారు అంతటితో ఆగలేదు. నోటుబుక్‌లో ఒకటి నుంచి ఇరవై దాకా స్పానిష్ అంకెలు తెలుగు లిపిలో రాసుకుని నేర్చుకున్నారు. బస్సు ప్లాట్‌ఫాం నంబరు పిలిస్తే అర్థం కావాలి కదమ్మా అన్నారు. ఆయన మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

ఇమ్మిగ్రేషన్‌కి వేరే ఫైలు ఇచ్చాం. అందులో తిరుగు టికెట్, కూతురి చిరునామా, అల్లుడి రెసిడెంట్ కార్డు నకలు, అతను స్పానిష్‌లో రాసిన ఆహ్వాన లేఖ ఉన్నాయి. మెక్సికోలో విజిటర్‌కి గరిష్ఠంగా 180 రోజులు ఇస్తారు. కానీ ఎన్ని రోజులన్నది అధికారి నిర్ణయం, స్టాంపు మీద చేత్తో రాస్తారు. పురిటికి వెళ్లేవాళ్లకు ఆ అంకె చాలా ముఖ్యం. అక్కడి నుంచి కదిలేముందే చూసుకోమని చెప్పాను.

పిన్నిగారికి విమానం కంపెనీ ద్వారా వీల్‌చైర్ అడిగాం. వీల్‌చైర్ మనిషి మామూలుగా బయటి హాలు దాకా తెచ్చి వదిలేస్తాడు. బస్సు హాలు దాకా తోయమని ఆ కాగితమే చూపించమన్నాం, చేతిలో పెట్టడానికి కొన్ని పెసోలు ముందే విడిగా కవర్లో పెట్టాం.

మెక్సికో సిటీ 2,240 మీటర్ల ఎత్తున ఉంది, దాదాపు మన ఊటీ అంత. ఆ పలుచని గాలిలో బరువైన విమానం పైకి లేవడం కష్టం కాబట్టే అక్కడి నుంచి దుబాయ్‌కి ఒక్క ఊపులో ఎగరలేక బార్సిలోనాలో ఆగుతుంది. మనుషులకీ ఆ ఎత్తు తెలుస్తుంది. పెట్టెలు గబగబా తోస్తే ఆయాసం వస్తుంది. డాక్టరుతో మాట్లాడించి మాస్టారి బీపీ మందులు చేతి సంచిలో పెట్టించాం, మెల్లగా నడవమని పదేపదే చెప్పాం.

ఆ రోజు

అనుకున్నట్టే వాన వచ్చింది. నాలుగుంపావుకి దిగాల్సిన విమానం గాల్లో తిరిగి ఐదు ఇరవైకి దిగింది. వీల్‌చైర్ వల్ల ఇమ్మిగ్రేషన్‌లో విడి లైను దొరికినా బయటపడేసరికి ఆరున్నర దాటింది. స్టాంపు మీద 180 అని రాశారు. రెండు పెట్టెలు త్వరగానే వచ్చాయి, మూడోది రావడానికి ఇంకో అరగంట పట్టింది. అదే తినుబండారాల పెట్టె, దాన్నే విప్పమన్నారు. శొంఠి కొమ్ములు చూసి ఏమిటని అడిగితే మాస్టారు ఇంగ్లీషులో చెప్పారు. పిన్నిగారు పొట్ట మీద చెయ్యి పెట్టి, పసిబిడ్డను ఊపుతున్నట్టు చేతులు ఊపి చూపించారట. అధికారి నవ్వి మూసేసుకోమన్నారు.

రాత్రి 7:40కి మాస్టారి వాయిస్ మెసేజ్ అల్లుడికీ, మాకూ వచ్చింది. మాకు అప్పుడు మర్నాడు ఉదయం 7:10. మెక్సికో 2022లో గడియారాలు ముందుకీ వెనక్కీ జరపడం మానేసింది కాబట్టి మనకూ మెక్సికో సిటీకీ తేడా ఏడాది పొడవునా పదకొండున్నర గంటలే. ఇలాంటి పని చూసేవాళ్లకు అది గుర్తుంటే చాలా సులువు. అల్లుడు 8:30 బస్సుకి ముందు వరసలో రెండు సీట్లు కొని పంపాడు. వీల్‌చైర్ అబ్బాయి బస్సు హాలు దాకా తోసుకొచ్చి, కౌంటర్లో మాట్లాడి, ప్లాట్‌ఫాం చూపించి వెళ్లాడు.

ఎక్కేముందు చేతి సంచులు తనిఖీ చేస్తారు. డిక్కీలో పెట్టిన ఒక్కో పెట్టెకి ఒక్కో చీటీ ఇస్తారు. దిగాక ఆ చీటీ చూపిస్తేనే పెట్టె ఇస్తారు, అందుకని అవి పాస్‌పోర్టు సంచిలోకే వెళ్లాలని ముందే చెప్పి ఉంచాం. బస్సులో ఇచ్చే చిరుతిండిలో మాంసం ఉండొచ్చు. వీళ్లు శాకాహారులు కాబట్టి జంతికలు, బిస్కెట్లు దగ్గర పెట్టుకున్నారు. ఏసీ చలికి శాలువా పనికొచ్చింది.

ఇక రోడ్డు. 57డి టోల్ రోడ్డు మెక్సికో సిటీని ఉత్తరాది ఊళ్లతో, అమెరికా సరిహద్దుతో కలిపే దారిలో భాగం, రాత్రీ పగలూ లారీలే. నగరం దాటి తెపోత్సోత్లాన్ టోల్ గేటు చేరేలోపే వానకి ట్రాఫిక్ ఆగిపోయింది. పదకొండున్నర, పన్నెండుకి చేరాల్సిన బస్సు పన్నెండున్నర దాటాక కెరేతరో బస్టాండుకి చేరింది. ఆ గంటసేపు పిన్నిగారికి కంగారు కలగకుండా చూసింది అల్లుడే. ఫోన్‌లో బస్సు ఎక్కడుందో చూస్తూ, ఇప్పుడు ఫలానా చోట ఉన్నారు అని అరగంటకోసారి వాయిస్ పంపాడు. ఎదురుచూసేవాళ్లు ఇలా మాట్లాడుతూ ఉంటే బస్సులో కూర్చున్నవాళ్లకి సగం భయం పోతుంది. బస్టాండు దగ్గర అతను ప్లాట్‌ఫాం గుమ్మం ముందే ఉన్నాడు. వాళ్లు బస్సెక్కగానే హోటల్ గది రద్దు చేశాం.

ఆ రాత్రి ఎయిర్‌పోర్టు నుంచి వాళ్లెక్కిన బస్సు తర్వాత కూడా కెరేతరోకి బస్సులు మిగిలే ఉన్నాయి. రాత్రి తొమ్మిది దాటాక దిగే ఆ రెండో విమానం తీసుకుని ఉంటే, అదే వాన, అదే లైన్లు, అదే పెట్టె తనిఖీతో బయటికొచ్చేసరికి బస్సులు అయిపోయి ఉండేవి. తలకి కొన్ని వేలు ఎక్కువ పెట్టి కొన్నది ఆ మిగిలిన బస్సులనే.

తిరుగు ప్రయాణం

ఐదు నెలల తర్వాత వెనక్కి వచ్చేటప్పుడు లెక్క మొత్తం మారుతుంది. బస్సు ఆలస్యమైతే పోయేది విమానం. కెరేతరో బస్టాండు నుంచి ఎయిర్‌పోర్టుకి రోజంతా బస్సులున్నాయి కానీ, ఆ రోడ్డు మీద లారీల ప్రమాదాలతో, రైతుల, లారీ డ్రైవర్ల ఆందోళనలతో దారి గంటల తరబడి మూసుకుపోవడం ఉంది. విమానం రాత్రి. నేను ఉదయం బస్సుకే ఎక్కమన్నాను, ఎయిర్‌పోర్టులో ఐదారు గంటలు కూర్చోవాల్సి వచ్చినా సరే. ఈసారి బస్సు టికెట్ రెండు రోజుల ముందే కొనిపించాం. ఈ వైపు ప్రయాణంలో బయల్దేరే గంట మన చేతిలోనే ఉంటుంది కాబట్టి ముందే కొనడంలో ఇబ్బంది లేదు. బయల్దేరే ముందు రోజు రాత్రీ, ఆ రోజు ఉదయమూ రోడ్డు పరిస్థితి చూడమని అల్లుడికి చెప్పాం. దారి మూసి ఉంటే తెల్లవారుజామునే బయల్దేరాలని అనుకున్నాం, ఆ అవసరం రాలేదు.

ఎయిర్‌పోర్టు బస్సు రెండు టెర్మినళ్ల దగ్గరా ఆగుతుంది. అందరూ లేస్తున్నారు కదా అని లేచి వేరే టెర్మినల్‌లో దిగితే, సామానుతో మళ్లీ ఊరంతా చుట్టి రావాలి. అందుకని లామినేషన్ కాగితం ఇంకోటి తయారుచేసి పంపాం, ఈసారి ఒక్కటే వాక్యం: "మమ్మల్ని టెర్మినల్ 1లో దించండి." మాస్టారు ఎక్కేటప్పుడే దాన్ని డ్రైవర్‌కి చూపించారు. డ్రైవర్ పెట్టెలకి ఇచ్చిన చీటీల మీద పెన్నుతో 1 అని రాసి, అక్కడికి రాగానే తనే పిలిచాడు. అప్పటినుంచి మెక్సికో వెళ్లే ప్రతి కుటుంబానికీ పోయేటప్పటి కాగితంతో పాటు వచ్చేటప్పటిది కూడా కలిపే ఇస్తున్నాం.